కొరియా విందు.. అడిగి తింటే పసందు

పెనుకొండ: సంగటి, ఊరిబిండి రుచి ఎరిగిన నేలపై నేడు కిమ్చి ఘుమఘుమలు వ్యాపిస్తున్నాయి. విజయనగర రాజుల కాలంలో రెండో రాజధానిగా వెలుగొందిన పెనుకొండ పరిసరాల్లో కొరియా లిపితో కూడిన నామఫలకాలు దర్శనమిస్తున్నాయి. కియా కార్ల కర్మాగారం స్థాపనకు 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. ఎర్రమంచి వద్ద నిర్మించిన ఈ కర్మాగారంలో 2019లో కార్ల ఉత్పత్తి ఆరంభమైంది. అప్పట్లో అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో భాగమైంది. దక్షిణ కొరియా నుంచి ఇంజినీర్లు, అధికారులు తరలిరావడంతో వారి వెంటే వారి వంటకాలూ వచ్చాయి.

కొత్తగా ఓ కొరియా భోజనశాల తలుపులు తెరిస్తే స్థానికుల్లో ఆసక్తితోపాటు జంకూ కలగడం సహజం. ఏ గిన్నెలో ఏముందో తెలియదు. అడిగితే చిన్నబోతామేమోనన్న బిడియం. తెలియక తింటే ఆచారానికి భంగమన్న భయం. కర్మాగారాల్లో చేరిన యువతను పైఅధికారులు విందుకు పిలిచినప్పుడు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. కొరియాలో సహోద్యోగులంతా కలిసి భోంచేయడాన్ని ‘హ్వేసిక్’ అంటారు. దాన్ని వారు కొలువులో భాగంగానే భావిస్తారు. విందుకు వెళ్లకపోతే దూరమవుతామన్న బాధ, వెళితే ఏం తినాలో తెలియని సందిగ్ధం.. ఈ రెంటి నడుమ నలగకుండా ఉండాలంటే కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

చుట్టూ గిన్నెలు.. మధ్యలో విందు

కొరియా భోజనంలో వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి రావు. దాదాపు అన్నీ ఒకేసారి బల్లపైకి చేరతాయి. ఎవరి అన్నం గిన్నె, ఎవరి చారు గిన్నె వారికే. మధ్యలో ఉంచే చిన్నచిన్న గిన్నెల్లోని ఆధరువులు అందరికీ ఉమ్మడి. వీటిని ‘బన్‌చన్’ అంటారు. మొలకలు, ఆకుకూరలు, ముల్లంగి, సముద్రపు నాచు వంటివి ఇందులో ఉంటాయి. కొరియాలో వీటికి విడిగా ధర కట్టే ఆనవాయితీ లేదు. అయిపోతే మళ్లీ వడ్డిస్తారు. మన విస్తట్లో పచ్చడి, వేపుడు, పప్పు కొసరి వడ్డించే పద్ధతికి ఇది ఎంతో దగ్గర.

కిమ్చి.. వారి ఊరగాయ

ఆవకాయ లేని తెలుగు భోజనం ఎలాగో, కిమ్చి లేని కొరియా భోజనం అలాగే. చైనా క్యాబేజీని ఉప్పులో నానబెట్టి, మిరపపొడి, వెల్లుల్లి, అల్లం దట్టించి ఊరబెడతారు. ఆవకాయలో నూనె పోస్తాం, కిమ్చిలో పోయరు. దోసెల పిండి పులిసినట్లే ఇదీ పులిసి పుల్లదనం సంతరించుకుంటుంది. పూర్వం మట్టి జాడీల్లో నింపి నేలలో పాతిపెట్టేవారు. చలికాలానికి ముందు ఇరుగుపొరుగు కలిసి కిమ్చి పట్టి పంచుకునే ‘కిమ్‌జాంగ్’ ఆచారానికి 2013లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది.

మిరప అటు కొరియాకు, ఇటు ఆంధ్ర దేశానికి కూడా పరాయి పంటే. అమెరికా ఖండంలో పుట్టి సముద్రాలు దాటి వచ్చిందే. కొరియా మిరపపొడిలో సాధారణంగా రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. గుంటూరు కారానికి అలవాటుపడిన నాలుకకు అది తియ్యగా తోచినా ఆశ్చర్యం లేదు.

బల్లపైనే కుంపటి

బల్ల మధ్యలో అమర్చిన పెనంపై మాంసం ముక్కలను అక్కడికక్కడే కాల్చి, కత్తెరతో కత్తిరిస్తారు. లెట్యూస్ ఆకులో ముక్క, వెల్లుల్లి, సోయా ముద్ద ఉంచి, చుట్టి, ఒకే కబళంగా నోట్లో పెట్టుకుంటారు. ఇది చేత్తో తినేదే. అన్నం, చారు మాత్రం చెంచాతో తింటారు. ఆధరువులను లోహపు పుల్లలతో తీసుకుంటారు. పుల్లలు పట్టడం రాకపోతే ఫోర్కు అడగవచ్చు.

తొలిసారి వెళ్లేవారికి ‘బిబింబాప్’ అనువైనది. అన్నంపై రకరకాల కూరగాయలు అమర్చి, సాధారణంగా గుడ్డు, మాంసం కూడా చేర్చి, ‘గోచుజాంగ్’ అనే కారపు ముద్దతో ఇస్తారు. కలిపిన అన్నం మనకు కొత్తేమీ కాదు కదా.

పెద్దలు మొదలుపెట్టాకే..

బల్ల వద్ద వయసుకు పెద్దపీట. పెద్దలు చెంచా పట్టిన తర్వాతే చిన్నవారు తినాలి. పెద్దల నుంచి ఏదైనా అందుకునేటప్పుడు, వారికి ఇచ్చేటప్పుడు రెండు చేతులూ వాడాలి. అన్నంలో చెంచా నిలువుగా గుచ్చి ఉంచరాదు. గతించిన పెద్దలకు నైవేద్యం పెట్టేటప్పుడే అలా ఉంచుతారు. పిండప్రదానం చేసే మనకు ఈ పట్టింపు వెనుక భావం ఇట్టే అర్థమవుతుంది.

అడగాల్సినవి ఇవీ..

* శాకాహారులు కిమ్చిని శాకాహారమని భ్రమపడరాదు. చాలా రకాల్లో చేపల రసమో, ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలో కలుపుతారు.
* సోయా ముద్దతో చేసే చారుకూ తరచూ ఎండు నెత్తళ్లు మరిగించిన నీరే ఆధారం. పైకి కూరగాయలే కనిపించినా అడిగి తెలుసుకోవాలి.
* బిబింబాప్‌ను మాంసం, గుడ్డు లేకుండా చేయమని ముందే చెప్పాలి.
* కొరియాలో ‘బుల్గోగి’ అంటే సాధారణంగా గొడ్డు మాంసం. ‘గల్బి’ గొడ్డుదైనా, పందిదైనా కావచ్చు. ‘సమ్‌గ్యోప్‌సల్’ అంటే పంది మాంసమే. ఇక్కడ ఏ మాంసం వాడుతున్నారో పెనం వేడెక్కక ముందే అడగాలి. ముస్లింలు హలాల్ సంగతీ విచారించాలి.
* పెనం, కత్తెర ఉమ్మడిగా వాడతారు కనుక పట్టింపు ఉన్నవారు వాటిని విడిగా కోరాలి.
* సోయా, నువ్వులు, గోధుమ, రొయ్యలు పడనివారు ముందే చెప్పాలి. రక్తపోటు ఉన్నవారు ఊరగాయలు, చారు మితంగా తీసుకోవాలి. వీటిలో ఉప్పు ఎక్కువ.

ఇలా అడగడం అమర్యాద కాదు. కొరియా బౌద్ధ ఆలయాల్లో మాంసం, చేపలే కాదు.. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టని భోజన సంప్రదాయం ఉంది. పట్టింపు అంటే ఏమిటో వారికీ తెలుసు. తినలేనిది తినలేనని ముందే చెప్పి, తినగలిగింది తృప్తిగా ఆరగిస్తే పిలిచినవారి మర్యాదా, వెళ్లినవారి ఆచారమూ రెండూ నిలుస్తాయి. కర్మాగారంలో పక్కపక్కన పనిచేసేవారు బల్ల దగ్గరా పక్కపక్కనే కూర్చోవచ్చు.