పాపానికి వకాల్తానా?



వ్యభిచార గృహంపై దాడిలో పట్టుబడిన స్త్రీలకు లాయరు కావాలంటే, "పాపానికి వకాల్తా ఎందుకండీ?" అని అడిగే విశ్వాసులున్నారు. వారికి జవాబు చెప్పవలసిన వాళ్లం కాపరులమే.

ముందుగా చట్టం చూద్దాం. 1956 నాటి చట్టాన్ని నేడు పీటా అంటున్నాం. వ్యభిచార గృహం నడపడం, ఆ సంపాదనపై బతకడం, మనుషులను ఆ వృత్తిలోకి దించడం అందులో పెద్ద నేరాలు. బహిరంగంగా విటులను పిలవడం, ప్రార్థనా స్థలానికి 200 మీటర్ల లోపల ఆ వృత్తి చేయడం కూడా నేరాలే. అంతేగాని, ఆ ఇంట్లో కనబడిన ప్రతి స్త్రీ నేరస్థురాలని చట్టం చెప్పడం లేదు.

లాయరు అడిగేది ఇదే: ఆమెపై పెట్టిన సెక్షను ఏది? దానికి సాక్ష్యముందా? ఎవరైనా బలవంతంగా తెచ్చారా? ఆమెకు 18 ఏళ్లు నిండాయా? సోదాలో ఇద్దరు మహిళా పోలీసులున్నారా? ఇవేవీ తేలకముందే "ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది" అన్న మాట నమ్మి తల ఊపితే, ఆ శిక్ష రికార్డుకెక్కుతుంది. బహిరంగంగా విటులను పిలిచిన నేరం రెండోసారి రుజువైతే ఏడాది వరకు జైలు పడవచ్చు.

అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలనీ, తనకిష్టమైన లాయరును సంప్రదించనివ్వాలనీ రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. వీరిని పోలీసులు గౌరవంగా చూడాలనీ, బాధితులైనా నిందితులైనా పత్రికలు వారి గుర్తింపు బయటపెట్టకూడదనీ 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించింది. పత్రిక నడిపే నాకూ ఆ ఆజ్ఞ వర్తిస్తుంది.

ఇక లేఖనం. యోహాను 8వ అధ్యాయంలో రాళ్లు పట్టినవారు స్త్రీని ఈడ్చుకొచ్చారు, పురుషుణ్ణి తీసుకురాలేదు. దానికి ముందే, 7వ అధ్యాయం చివర, మనిషి మాట వినకుండా తీర్పు తీర్చడం మన ధర్మశాస్త్రమేనా అని నీకొదేము అడిగాడు. ఆ ప్రశ్నే నేడు కోర్టులో లాయరు అడుగుతాడు. ప్రభువు ఆమె పాపాన్ని సమర్థించలేదు. ఇక పాపం చేయవద్దన్నాడు. అయితే ఆ మాట రాళ్లు కిందపడ్డాక చెప్పాడు.

మన సంఘాల్లో న్యాయవాదులున్నారు. స్టేషనుకు తోడు వెళ్లగల తల్లులున్నారు. ఆమె పిల్లలకు ఆ రాత్రి అన్నం పెట్టగల ఇళ్లున్నాయి. మన గుడికి 200 మీటర్ల లోపల ఆమె నేరాన్ని చట్టం లెక్కిస్తోంది. అదే దూరంలో ఆమెకు మన సహాయం దొరుకుతుందా?