‘టక్’మన్నంత మాత్రాన...

నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించుకోవడం తెలుగునాట పాత అలవాటే. పొలంలో బస్తా ఎత్తబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయినా, బావి దగ్గర బిందె ఎత్తుతుంటే కలుక్కుమన్నా... నేరుగా వాళ్లింటికే! అదే నడుం ఇప్పుడు హైటెక్ సిటీలోనూ డాలస్‌లోనూ కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని పట్టేస్తోంది. ఎదురుకాళ్లవాళ్లను వెతికే ఓపిక ఎవరికీ లేదు. ఫోన్ తెరిస్తే చాలు... బల్లమీద బోర్లా పడుకున్న మనిషి, వీపుమీద రెండు చేతులూ ఆనించి ఒక్క ఉదుటున నొక్కే డాక్టరు, మైకు పెట్టి మరీ వినిపించే ‘టక్... టకటక’ చప్పుడు, ఆపైన ‘హమ్మయ్య’ అంటూ పేషెంటు ముఖంలో వెలుగు. కైరోప్రాక్టిక్ అంటే చాలామందికి తెలిసింది ఆ అర నిమిషమే.

తెలుసుకోవాల్సింది మాత్రం ఆ అర నిమిషానికి ముందు జరిగేదాన్ని గురించి. బల్ల ఎక్కించేముందు ఏం అడిగారు, ఏం పరీక్షించారు, ఎన్నిసార్లు రమ్మన్నారు, మెడ జోలికి వెళ్తారా లేదా... తొలిసారి వెళ్లేవారి లాభనష్టాలు వాటిమీదే ఆధారపడి ఉంటాయి.

వినపడని చెవి నుంచి...

ఈ వైద్యం పుట్టిన తీరు విచిత్రం. కెనడాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన డేనియల్ డేవిడ్ పామర్ ఒకప్పుడు కిరాణా వ్యాపారి. తర్వాత చేతి స్పర్శతో ‘అయస్కాంత వైద్యం’ చేస్తానంటూ అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో దుకాణం తెరిచాడు. ఆ భవనాన్ని శుభ్రంచేసే హార్వీ లిలార్డ్‌కి చెవులు సరిగా వినపడేవి కావు. 1895 సెప్టెంబరు 18న అతని వెన్నులో ఉబ్బెత్తుగా ఉన్న ఓ పూసను నొక్కి సర్దాననీ, దాంతో వినికిడి తిరిగి వచ్చిందనీ పామర్ చెప్పుకున్నాడు. లిలార్డ్ కూతురు తర్వాతెప్పుడో చెప్పిన కథ వేరు: సరదాగా కబుర్లాడుకుంటూ పామర్ తన తండ్రి వీపుమీద పుస్తకంతో చరిచాడట! ఏది నిజమైనా చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం పుర్రెలోనే ఉంటుంది. వెన్ను దాకా దిగనే దిగదు.

అక్కడితో ఆగితే బాగుండేది. నూటికి 95 జబ్బులకు పక్కకు తప్పిన వెన్నుపూసలే కారణమని 1910లో పామర్ పుస్తకమే రాశాడు. ఆ తప్పడానికి పెట్టుకున్న పేరు ‘సబ్‌లక్సేషన్’. గ్రీకులో చేతితో చేసేది అన్న అర్థం వచ్చేలా ‘కైరోప్రాక్టిక్’ అని వైద్యానికి పేరు సూచించింది కూడా అతని పేషెంటే, ఓ పాస్టరు. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని 1906లో పామర్‌ని జైల్లోనూ పెట్టారు. అయినా ఆగలేదు. 1913లో కాన్సస్ మొదలుపెడితే 1974లో లూసియానాతో అమెరికాలోని రాష్ట్రాలన్నీ కైరోప్రాక్టర్లకు లైసెన్సు ఇచ్చేశాయి. వీళ్లను బహిష్కరించాలని చూసిన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1987లో కోర్టులో ఓడిపోయింది కూడా. ఇవాళ ఆ దేశంలో 70 వేల మందికి పైగా కైరోప్రాక్టర్లున్నారు. అక్కడున్న మనవాళ్లకి బీమా పుణ్యమా అని ఫిజియోథెరపిస్టు కన్నా ముందు వీళ్లే తారసపడటమూ మామూలే.

కోర్టులో గెలవడం వేరు, సిద్ధాంతం నిజం కావడం వేరు. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో ఓ మాట చెప్పింది... సబ్‌లక్సేషన్ వల్ల జబ్బులు వస్తాయనడానికి ఆధారాలు లేవని. అదే ఏడాది మరో సంగతీ జరిగింది. పసిపిల్లల కడుపునొప్పి, చెవిపోటు, ఉబ్బసం లాంటివి వెన్ను సర్ది తగ్గిస్తామనడాన్ని తప్పుపట్టిన రచయిత సైమన్ సింగ్‌పై బ్రిటిష్ కైరోప్రాక్టిక్ సంఘం వేసిన పరువునష్టం దావా వీగిపోయింది. కాబట్టి మీ నడుం చూపించుకోవడానికి వెళ్తే ‘పాపని కూడా తీసుకురండి, జలుబు రాకుండా సర్దుతాం’ అన్నారనుకోండి... లేచి వచ్చేయడమే మేలు.

మెటికలు విరిచినట్టే!

ఇంతకీ ఆ చప్పుడేమిటి? ఎముక స్థానంలోకి వచ్చి కూర్చున్న శబ్దం అనుకుంటారు అందరూ. కాదు. కీళ్ల మధ్య జిగురులాంటి ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారిగా లాగితే లోపల ఒత్తిడి పడిపోయి, ఆ ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగలా ఏర్పడుతుంది. కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీ వాళ్లు 2015లో వేళ్లు విరుస్తుండగానే ఎంఆర్ఐ తీసి దాన్ని కళ్లకు కట్టారు. మనవడికి దిష్టి తీసి, కణతలకు చేతులానించి అమ్మమ్మ మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ ఇదే చప్పుడు! చప్పుడు వచ్చినవాళ్లకి ఎక్కువ తగ్గుతుందా, రానివాళ్లకి తక్కువ తగ్గుతుందా అని పరిశీలిస్తే ఆ తేడా ఏమీ కనిపించలేదు. ‘ఇవాళ టక్‌మనలేదు, డబ్బు దండగ’ అనుకోనక్కర్లేదన్నమాట.

పూస పక్కకు తప్పడం, మళ్లీ సర్దుకోవడం అన్నదీ అంతే. కటి భాగంలోని కీలు ‘తప్పింద’న్న పదిమందికి స్వీడన్ పరిశోధకులు సర్దడానికి ముందూ తర్వాతా అతి సూక్ష్మమైన ఎక్స్‌రే కొలతలు తీసి 1998లో ఫలితాలు ప్రకటించారు. ఎముకల స్థానంలో మార్పే లేదు.

మరి నొప్పి ఎందుకు తగ్గుతోంది? బిగుసుకున్న కండరాలు ఆ కుదుపుతో కాసేపు సడలడం, నొప్పిని మోసుకెళ్లే నరాల తీరు మారడం, చేయి పడిందన్న భరోసా, వాటికి తోడు కాలం. మామూలు నడుంనొప్పి కొన్ని వారాల్లో చాలామటుకు దానంతటదే సర్దుకుంటుంది. ఇవన్నీ తీసేసినా ఎంతోకొంత ఫలితం మిగులుతుంది. 26 ప్రయోగాలను కలిపి లెక్కగట్టి 2017లో ప్రచురించిన విశ్లేషణలో... కొత్తగా వచ్చిన నడుంనొప్పి వంద పాయింట్ల కొలమానం మీద సుమారు పది పాయింట్లు ఎక్కువ తగ్గినట్టు తేలింది. అద్భుతమేం కాదు, నొప్పి బిళ్లతో వచ్చే ఉపశమనం పాటిది. అందుకే అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అదే ఏడాది, బిళ్లలకన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో వేడి కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్ల పక్కన దీన్నీ చేర్చింది. దీర్ఘకాలిక నడుంనొప్పికి పనికొచ్చే వాటిలో ఇదీ ఒకటని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. నడుంనొప్పి వరకూ ఇది మరీ కొట్టిపారేసేది కాదు. అంతకుమించి చెప్పేవన్నీ అనుమానించాల్సినవే.

మొదటిరోజు...

బాగా నేర్చుకున్న కైరోప్రాక్టర్ దగ్గర మొదటి అరగంట ఎవరూ మిమ్మల్ని నొక్కరు. నొప్పి ఎప్పుడు మొదలైంది, కాలులోకి పాకుతోందా, రాత్రిళ్లు నిద్రలేపుతోందా, ఈమధ్య పడ్డారా, కారణం లేకుండా బరువు తగ్గారా, జ్వరం ఉందా, ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా... ప్రశ్నలే ప్రశ్నలు. తర్వాత మోకాలిమీద చిన్న సుత్తితో తట్టడం, పడుకోబెట్టి కాలు తిన్నగా పైకెత్తడం, పాదాల్లో స్పర్శా బలమూ చూడడం. ఇవేవీ లేకుండా ‘పడుకోండి’ అన్నారంటే అది వైద్యం కాదు, వీడియోకి తయారీ.

ఆ ప్రశ్నలకు పనుంది. ఎముకలు గుల్లబారిన పెద్దావిడ వీపుమీద ఆ విసురు పడితే పూస విరగొచ్చు. కీళ్లవాతం ముదిరినవాళ్లకి మెడలోని పైపూసల పట్టు సడలి ఉంటుంది. ఏళ్లతరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లదీ అదే భయం. ఇక మూత్రం ఆగకపోవడమో రాకపోవడమో, మలద్వారం చుట్టూ తొడల లోపలివైపు మొద్దుబారడమో, కాలు రోజురోజుకీ బలహీనపడడమో ఉంటే కైరోప్రాక్టరూ వద్దు, కాపడమూ వద్దు. వెన్ను చివరి నరాల కట్ట నలిగిపోతోందని అర్థం. అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు.

ఎక్స్‌రే దగ్గరా కొంచెం జాగ్రత్త. ఇలాంటి ప్రమాద సూచనలేవీ లేని కొత్త నడుంనొప్పికి మొదటి ఆరువారాల్లో ఎక్స్‌రేలూ స్కాన్‌లూ అక్కర్లేదని 2017లో అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే తన సభ్యులకు చెప్పింది. ఫిల్ము చూపించి ‘చూడండి, మీ డిస్కు ఎలా ఉబ్బిందో’ అంటే బెంబేలెత్తని వాళ్లుండరు. కానీ ఏ నొప్పీ లేనివాళ్లకి స్కాన్ తీసినా ఇరవై ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 మందికి డిస్కులు ఉబ్బి కనిపిస్తాయని 2015లో వచ్చిన ఓ సమీక్ష తేల్చింది. అదీ నెరిసిన జుట్టులాంటిదే.

సరే, బల్ల ఎక్కారు. ఓ పక్కకు తిప్పి, పై మోకాలు మడిచి, భుజాన్ని ఆపి, నడుంమీద తక్కువ దూరం, ఎక్కువ వేగంతో ఒక్క నెట్టు. కొందరు బల్లలోని ముక్క చటుక్కున కిందికి దిగేలా చేస్తారు, కొందరు స్ప్రింగు ఉన్న చిన్న పరికరంతో తడతారు. ఏం చేయబోతున్నారో ముందే చెప్పి మీరు సరేనన్నాకే చేయాలి. వద్దనుకుంటే ‘చప్పుడొచ్చే పద్ధతి వద్దు’ అనొచ్చు. మెల్లగా కదిలించే పద్ధతులూ ఉన్నాయి. ఆ రాత్రి ఒళ్లు కాస్త పచ్చిగా ఉండటం మామూలే. దాదాపు సగంమందికి అలా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

నలభైసార్లు రమ్మంటే!

గొడవంతా ఆ తర్వాతే. ‘వారానికి మూడుసార్లు చొప్పున 40 సిటింగులు, ఇవాళే కడితే డిస్కౌంట్’ అనే మాట అమెరికాలో ఎప్పటినుంచో ఉంది, ఇక్కడికీ వచ్చేసింది. 400 మంది దీర్ఘకాలిక నడుంనొప్పి బాధితుల్ని విడగొట్టి కొందరికి అసలు లేకుండా, మిగతావాళ్లకి 6, 12, 18 సార్లు చేసి చూస్తే... పన్నెండు దగ్గరే ఎక్కువ ఫలితం కనిపించిందని 2014లో అమెరికా పరిశోధకులు రాశారు. పద్దెనిమిదికి పెరిగిందేమీ లేదు. నాలుగైదుసార్లకి అసలు గుణమే కనిపించకపోతే ఆరోసారి కనిపిస్తుందని ఆశపడటంలో అర్థంలేదు. ఇలాంటప్పుడు ముందుగా డబ్బు కట్టకుండా ఏ రోజుది ఆరోజు ఇవ్వడమే తెలివైన పని. ‘నొప్పి లేకపోయినా నెలనెలా సర్దించుకోండి’ అనేది బండికి సర్వీసింగ్‌లా వినసొంపుగా ఉంటుంది కానీ వెన్ను బండి కాదు. వ్యాయామం నేర్పి, నడవమని చెప్పి, ‘ఇక రానక్కర్లేదు’ అన్నవారి దగ్గరికి మళ్లీ నొప్పొస్తే ధైర్యంగా వెళ్లొచ్చు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. డాక్టర్లకి నేషనల్ మెడికల్ కమిషన్ ఉన్నట్టు భారత్‌లో కైరోప్రాక్టిక్‌కి ప్రత్యేక మండలి లేదు. ఆయుష్ పద్ధతుల్లోనూ ఇది లేదు. కాబట్టి బోర్డుమీద ఆ పేరు ఎవరైనా రాసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో సూచించిన ప్రకారం పూర్తిస్థాయి చదువుకు 4,200 గంటల బోధన కావాలి. అందులో వెయ్యి గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగుల్ని చూడాలి. శని ఆదివారాల్లో వర్క్‌షాపు చేసి గోడకి తగిలించుకునే సర్టిఫికెట్‌కీ దానికీ పోలికెక్కడ? ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఫిజియోథెరపీ డిగ్రీ ఉండి ఈ పద్ధతి కూడా నేర్చినవాళ్లయితే అదే చెబుతారు. పుత్తూరు కట్టులాంటిదే కదా అనేవాళ్లూ ఉన్నారు కానీ అది విరిగిన ఎముకకు కట్టే కట్టు, ఇది విరగని వెన్నును నొక్కడం. రెంటికీ సంబంధం లేదు.

మెడ జోలికొస్తే...

నడుం సంగతి వేరు, మెడ సంగతి వేరు. మెదడు వెనకభాగానికి రక్తం తీసుకెళ్లే రెండు నాళాలు మెడపూసల్లోని రంధ్రాల గుండా పైకి వెళ్తాయి. తలను ఒక్కసారిగా మెలితిప్పితే నాళం లోపలిపొర చీలి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. 2016లో అమెరికాలో 34 ఏళ్ల మోడల్ ఒకరు ఇలాగే చనిపోయారు. మెడ సర్దడంలో నాళం చీలిందని లాస్‌ఏంజెలెస్ కరోనర్ నిర్ధరించారు. ఇది అరుదు. పైగా నాళం ముందే చీలినవాళ్లకి మెడనొప్పే మొదటి లక్షణం కావడంతో, ఆ నొప్పితోనే కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తారనీ, తప్పంతా ఆయనది కాకపోవచ్చనీ వాదించే పరిశోధనలూ ఉన్నాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో రెంటినీ తూచి, ఈ ప్రమాదం గురించి పేషెంటుకి ముందే చెప్పాలంది. మెడను మెలితిప్పకుండానే చేసే వ్యాయామాలూ మర్దనలూ ఉన్నప్పుడు ఆ ఒక్క విసురు కోసం అంత పణం పెట్టాలా అన్నది ఎవరికి వారు వేసుకోవాల్సిన ప్రశ్న. ఇంతకుముందెన్నడూ ఎరగని మెడనొప్పో తలనొప్పో అకస్మాత్తుగా మొదలైతే మాత్రం ముందు డాక్టరుకే చూపించాలి. మెడ తిప్పించుకున్నాక కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం, వాంతులు... వీటిలో ఏదొచ్చినా ‘కాసేపు పడుకుంటే పోతుందిలే’ అనుకోకూడదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న గడువు నాలుగున్నర గంటలే.

దీనికి కైరోప్రాక్టర్ దాకా వెళ్లక్కర్లేదు కూడా. 2022లో హైదరాబాద్ బ్యూటీపార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకున్న యాభై ఏళ్ల మహిళకు పక్షవాతం వచ్చింది. 2024లో బళ్లారిలో సెలూన్‌లో మెడ విరిపించుకున్న ముప్ఫై ఏళ్ల యువకుడికీ అదే జరిగిందని పత్రికలు రాశాయి. కటింగ్ అయ్యాక గెడ్డం కింద ఓ చెయ్యి, తలమీద ఓ చెయ్యి వేసి అటో విరుపు, ఇటో విరుపు... మన సెలూన్లలో ఇది డబ్బు అడగని మర్యాద. కుర్చీలో కూర్చున్నప్పుడే ‘మెడ తిప్పొద్దు బాబూ’ అనేస్తే సరి. అతనేమీ అనుకోడు.