ట్రంకు పెట్టెలోని ముఖాలు

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన తరువాత నది నడుమ నుండి 12 రాళ్లు మోసుకొచ్చి గిల్గాలులో నిలువబెట్టిన సంగతి యెహోషువ గ్రంథం 4వ అధ్యాయంలో చదువుతాం. ముందు తరాల పిల్లలు ఆ రాళ్లను చూసి ఇవేమిటని అడిగినప్పుడు తండ్రులు జవాబు చెప్పాలి. రాళ్లు తమంతట తాము మాట్లాడవు. చెప్పేవారుండాలి.

మా పాస్టరేటులో గుడి పక్క గది మిద్దె కారుతుంటే సామాను బయట పెట్టించాం. అడుగున ఒక ట్రంకు పెట్టె బయటపడింది. అందులో మ్యాజిక్ లాంతరుతో గోడ మీద చూపించే గాజు పలకలు 14, నలుపు తెలుపు నెగటివులు కొన్ని కట్టలు, అట్ట చట్రాల్లో బిగించిన రంగు స్లయిడ్లు ఉన్నాయి. వెలుతురుకు ఎత్తి చూశాం. బావి తవ్వుతున్న మనుషులు, గంజి కోసం వరుసగా కూర్చున్న పిల్లలు, బాప్తిస్మపు రోజున తెల్ల చీరల్లో స్త్రీలు.

వీటిని కంప్యూటరులోకి ఎక్కించాలంటే స్కానరు కొనాలి. కమిటీలో పెద్దలు ఒప్పుకోలేదు. వేరుశనగ పోయిన సంవత్సరం, సగం ఇళ్లవారు బెంగళూరుకు వలసపోయిన సంవత్సరం, ఫోటోలకు ఖర్చేమిటని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. ఆ ఆదివారం ఆరాధన తరువాత ఒక అవ్వ కిటికీ దగ్గర నెగటివు పట్టుకొని చాలాసేపు చూసింది. "ఈమె మాయమ్మ అయ్యగారూ. మా ఇంట్లో మాయమ్మ ఫోటో ఒక్కటీ లేకపాయె" అంది. మరి ఎవరూ ఖర్చు మాట ఎత్తలేదు. అయినా ఒక్క సంఘం మోయలేదు గనుక మూడు పాస్టరేట్లు కలిసి ఒక స్కానరు కొని, నెలకొకరి చొప్పున వాడుకోవాలని నిర్ణయించాం.

ముందు పెట్టె చూడండి, తరువాత అంగడి

మేము నేర్చుకున్న మొదటి పాఠం ఇది. మీ దగ్గర ఏమి ఉన్నదో తెలియకుండా స్కానరు కొనకూడదు. కాగితాలు స్కాన్ చేసే మామూలు యంత్రం నెగటివుకు పనికిరాదు. ఫిల్ము గుండా వెలుతురు దూరాలి గనుక మూతలో కూడా దీపం ఉండాలి.

35 మిల్లీమీటర్ల ఫిల్ము మాత్రమే ఉంటే ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ వంటి చిన్న ఫిల్ము స్కానర్లు మంచివి. కాని పాత పెట్టె కెమెరాల్లో వాడిన 120 ఫిల్ము 6 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అది వాటిలో పట్టదు. దానికి ఎప్సన్ పర్‌ఫెక్షన్ వీ600 వంటి బల్ల స్కానరు కావాలి. మేము అదే, ఒకరు వాడినది, తీసుకున్నాం. అయితే దాని మూతలోని దీపం వెడల్పు 2.7 అంగుళాలే. లాంతరు పలక 3¼ అంగుళాల చదరం. అందుచేత ఆ 14 పలకలను తెల్లని వెలుతురు పలక మీద పెట్టి, కెమెరాను స్టాండుకు బిగించి ఫోటోలు తీశాం. అంతకన్న పెద్ద యంత్రం కొనే అవసరం తప్పింది.

పెట్టె మీది అంకెలకు మోసపోకండి. వీ600 మీద 6400 డీపీఐ అని ఉంటుంది. నిజంగా దొరికే వివరం అందులో మూడో వంతు కూడా కాదు. 35 మిల్లీమీటర్ల స్లయిడుకు 2400 పెడితే సుమారు 77 లక్షల చుక్కల బొమ్మ వస్తుంది. గోడకు తగిలించే ఫోటోకు అది చాలు. ఇంకా పెంచితే ఫైలు బరువు పెరుగుతుందే గాని ముఖం స్పష్టం కాదు. మూలప్రతిని టిఫ్ రూపంలో దాచి, పంచుకోవడానికి జేపెగ్ చేసుకోండి.

దుమ్ము సంగతి

మన అనంతపురం మెట్టలో వాన తక్కువ గనుక ఫిల్ముకు బూజు అంతగా పట్టదు. ఎండ, దుమ్ము మాత్రం వదలవు. కొన్ని స్కానర్లు పరారుణ కిరణాలతో దుమ్మును గుర్తించి బొమ్మలో నుండి తీసివేస్తాయి. ఇది రంగు ఫిల్ముకు బాగా పనిచేస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి ఆ కిరణాలను కూడా అడ్డుకుంటుంది గనుక అక్కడ పనిచేయదు. 1935 నుండి 2009 వరకు తయారైన కోడక్రోమ్ స్లయిడ్లతో కూడా ఇబ్బందే. కాబట్టి చేతి రబ్బరు బుడ్డితో గాలి ఊది దుమ్ము పోగొట్టండి. తడిగుడ్డతో తుడవకండి. అంచులనే పట్టుకోండి.

పుల్లని వాసన వచ్చే ఫిల్మును విడిగా పెట్టి మొదట స్కాన్ చేయండి. అది చెడిపోవడం మొదలైందని గుర్తు. వేడి ఆ చెరుపును తొందర చేస్తుంది, రేకుల కింద ఉంచకండి. అంచున 'నైట్రేట్' అని ఉంటే దీపాలకు, పొయ్యికి దూరంగా ఉంచి తెలిసినవారికి చూపించండి. అది చాలా త్వరగా అంటుకుంటుంది.

ముఖానికి పేరు

లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో విశాఖపట్నంలో, 1810లో బళ్లారిలో పని మొదలుపెట్టారు. మన ప్రాంతానికి సువార్త ఆ దారినే వచ్చింది. వారు స్వదేశానికి పంపిన పత్రాలు, ఫోటోలు లండన్‌లోని సోయస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇక్కడ మిగిలినవి మన గుడి గదుల్లో, మన పెట్టెల్లో ఉన్నాయి. వాటికి కాపలా మనమే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. యంత్రం వచ్చిన సంతోషంలో మేము రెండు నెలలు స్కాన్ చేస్తూనే కూర్చున్నాం. పేర్లు తరువాత అడుగుదాం అనుకున్నాం. సంఘంలో అందరికన్న పెద్దాయన, ఆ బావి తవ్వకంలో పిల్లవాడుగా మన్ను మోసినవాడు, ఈలోగా ప్రభువునందు నిద్రించారు. ఆ ఫోటోలో 11 మంది ఉన్నారు. ముఖాలు ఎంతో స్పష్టంగా వచ్చాయి. వారిలో ఒక్కరి పేరూ ఇప్పుడు మాకు చెప్పేవారు లేరు.

అప్పటినుండి పద్ధతి మార్చాం. వారానికి 20 బొమ్మలు మాత్రమే చేస్తాం. కాగితం మీద అచ్చు తీసి ఆదివారం వృద్ధుల చేతికిస్తాం. యువజనులు నోటుపుస్తకంలో బొమ్మ నంబరు, ఊరు, ఎడమ నుండి కుడికి పేర్లు, చెప్పినవారి పేరు రాస్తారు. ఫైలుకు కూడా అదే నంబరు. ప్రతులు మూడు చోట్ల ఉంటాయి: పాస్టరు ఇంట్లో ఒక హార్డ్ డిస్కు, వేరే ఊరి పాస్టరేటులో మరొకటి, ఇంటర్నెట్‌లో దాచినది మూడోది. అసలు ఫిల్మును పారవేయలేదు, చల్లని గదికి మార్చాం.

అవ్వ తల్లి ఫోటోకు చట్రం కట్టించి ఇచ్చాం. మనవరాలు సెలవులకు బెంగళూరు నుండి వచ్చి, గోడ మీద చూసి, ఈమె ఎవరని అడిగిందట. అవ్వ పొద్దుపోయేదాకా చెప్పిందట.

ప్రియులారా, స్కానరు రేపైనా కొనవచ్చు. చెప్పేవారి దగ్గరకు ఈ రోజే వెళ్లండి. మన పిల్లలు అడిగే వేళకు జవాబు చెప్పగల కృప ప్రభువు మనకు అనుగ్రహించునుగాక. ఆమేన్.