ఎండ చూసిన ముఖం

హుకుంపేట సంతలో అల్లం, పసుపు, రాజ్‌మా గోనెలు దాటి వెళితే గాజులూ రిబ్బన్లూ అమ్మే దుకాణాలు వస్తాయి. ముఖం తెల్లబడుతుందని చెప్పి అమ్మే చిన్న చిన్న క్రీము ట్యూబులు అక్కడే దొరుకుతాయి. ధర ఎక్కువేమీ కాదు. కిందటేడు మా సంఘంలో ఒక అమ్మాయికి పెళ్ళి కుదిరింది. మొదటి ఆదివారం ఆలయంలో పెండ్లి ప్రకటన చదివాము. రెండవ ఆదివారం ఆమె కొంగు ముఖానికి చుట్టుకుని వెనుక వరుసలో కూర్చుంది. మూడవ ఆదివారం రానే లేదు.

ఇంటికి వెళ్ళి చూస్తే బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాటి నిండా పొక్కులు, పెదవి పైన నూగు వెంట్రుకలు. "పూసినన్నాళ్ళూ బాగుంటాది అయ్యగారూ, మానేస్తే మండిపోతాది" అంది. ఆరు నెలలుగా పూస్తోందట. ట్యూబు తెప్పించి చదివితే సన్నని అక్షరాల్లో స్టెరాయిడ్ మందు పేరు కనిపించింది. కొన్ని చర్మవ్యాధులకు డాక్టరు కొద్దిరోజులకు మాత్రమే రాసే మందు అది. అలాంటి 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఇంకా కొండ ఎక్కినట్టు లేదు.

ఆరు నెలల క్రితం ఏం జరిగిందో మాకు గుర్తుంది. అబ్బాయివారు మైదానం వైపువారు. సంబంధం మాట్లాడడానికి వచ్చినప్పుడు పెద్దమనిషిగా మేమూ కూర్చున్నాము. "పిల్ల కొంచెం నలుపే గాని గుణవంతురాలు" అని వారితో అన్నది మేమే. మెచ్చుకుంటున్నామనే అనుకున్నాము. తలుపు వెనుక నిలబడ్డ ఆమెకు ఆ 'గాని' ఒక్కటే వినిపించింది.

పరమగీతం మొదటి అధ్యాయంలో ఎండకు నల్లబడిన ఒక పల్లె పిల్ల ఉంది. అన్నలు కోపగించి ద్రాక్షతోటలకు కాపలా పెట్టారు. ఇంటిపట్టున ఉండే యెరూషలేము కుమార్తెలు ఆమెను వింతగా చూస్తారు. ఆమె తన నలుపునూ అందాన్నీ ఒకే వాక్యంలో చెప్పుకుంటుంది. హెబ్రీలో ఆ రెంటినీ కలిపేది 'వావ్' అనే ఒకే అక్షరం. దాన్ని 'మరియు' అనవచ్చు, 'అయినను' అని కూడా అనవచ్చు. పూర్వపు గ్రీకు అనువాదకులు 'మరియు' అన్నారు. లాటిన్‌లోకి మార్చిన జెరోము 'కాని' అన్నాడు. సెమినరీలో మేము ఈ అక్షరం మీద పరీక్షలో ఒక పేజీ నిండా రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాము. ముప్పై ఏళ్ళ తర్వాత పెళ్ళిమాటల్లో జెరోము పక్షాన కూర్చున్నాము.

మన కొండల్లో ఈ రంగు పిచ్చి పాతది కాదు. పిల్లనిచ్చినవారికి ఓలి ఇచ్చి తీసుకెళ్ళే ఆచారం ఇక్కడిది. పొలంలో, పోడులో చెయ్యి ఆడుతుందా అని చూసేవారు. టీవీ వచ్చింది, తర్వాత ఫోను వచ్చింది, రంగు లెక్క వాటితో వచ్చింది. 1975లో మార్కెట్టుకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. మనుషుల నోట్లోంచి ఆ మాట ఇంకా పోలేదు. విచిత్రమేమంటే పడమటి దేశాల్లో తెల్లవారు గోధుమ రంగు కోసం డబ్బిచ్చి దీపాల పెట్టెల్లో పడుకున్నారు. అవి క్యాన్సర్ కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో తేల్చి చెప్పింది. ఆస్ట్రేలియాలో అలాంటి వ్యాపారాలను మూసివేయించారు. వారికి మన రంగు కావాలి, మనకు వారి రంగు కావాలి.

నలుపు అంటే మెలనిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణం లోపలికి పోయి దాని గుణాన్ని పాడుచేయకుండా అడ్డుపడే గొడుగు అది. దేవుడు పుట్టుకతో ఇచ్చిన ఆ గొడుగును డబ్బు పెట్టి చింపుకోవడమే ఈ క్రీముల పని. స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, ఆ తర్వాత అదే ఎండ భరించరానిదవుతుంది. కొన్ని క్రీముల్లో పాదరసం కూడా ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరి మూత్రపిండాలు దెబ్బతింటే డాక్టర్లు ఆరా తీసి చివరకు ఇలాంటి క్రీముల దగ్గరకే చేరారు.

నల్లవారికి చర్మ క్యాన్సర్ రానే రాదనుకోవడం కూడా పొరపాటే. చాలా తక్కువ, నిజమే. కాని వస్తే ఎండ తగలని చోటనే, అరికాలిలోనో గోరు కిందనో తరచుగా వస్తుంది. అక్కడ ఎవరూ చూసుకోరు. గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద మచ్చను మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నాడు. 1981లో 36 ఏళ్ళకే చనిపోయాడు. అరికాలిలో పెరుగుతున్న నల్లమచ్చ, గోటిలో రోజురోజుకూ వెడల్పయ్యే నల్లగీత కనిపిస్తే ముల్లు గుచ్చుకుందిలే అని వదలకూడదు.

పాత కాలిన మచ్చలు మరో సంగతి. కాశ్మీరులో చలికి నిప్పుల కుంపటిని బట్టల కింద పెట్టుకుంటారు, దాన్ని కాంగ్రీ అంటారు. ఏళ్ళ తరబడి ఆ వేడి తగిలిన పొట్టమీద, తొడలమీద క్యాన్సర్ పుండ్లు వస్తున్నాయని 1860లలోనే అక్కడ సేవచేసిన వైద్య మిషనరీ డాక్టర్ విలియం ఎల్మ్‌స్లీ రాసిపెట్టాడు. మన్యంలో పుష్యమాసపు చలికి పొయ్యి దగ్గర కూర్చోని ఇల్లుందా? మా సంఘంలో ఒక అవ్వకు చిన్నప్పుడు పొయ్యిలో కాలిన పిక్క మీద రెండేళ్ళుగా పుండు మానలేదు. పసరు కట్టారు, ప్రార్థన చేశాము. ప్రార్థన చేసింది చాలునని మేమూ ఊరుకున్నాము, ఇది కూడా ఒప్పుకోవాలి. చివరకు విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాము. ముక్క తీసి పరీక్షించారు, ఆపరేషన్ చేశారు. అవ్వ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది.

ఎండ సంగతికి వస్తే, మన కొండగాలి చల్లన. అందుకే ఎండ తెలియదు. ఎత్తు పెరిగేకొద్దీ ఆ కిరణాలు పెరుగుతాయి, వెయ్యి మీటర్లకు సుమారు పదోవంతు ఎక్కువ. పలచని మబ్బు వాటిని ఆపలేదు. సన్‌స్క్రీన్ కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. పుట్టుకతోనే చర్మంలో రంగు లేని పిల్లలకు మాత్రం అది తప్పనిసరి, నిండు చేతుల చొక్కా కూడా. మిగిలినవారికి మన ముత్తాతలు వెదురుతో, ఆకులతో అల్లిన గిడుగు ఉంది. నాట్లలో వంగినా తలమీద నిలుస్తుంది, మెడకూ వీపుకూ నీడనిస్తుంది. యోనా సొరచెట్టు ఒక్క రోజుకే వాడిపోయింది, గిడుగు వానాకాలమంతా వస్తుంది. ఇప్పటి పిల్లలు దాన్ని మోటు అంటున్నారు.

ఆ అమ్మాయిని మా అమ్మగారు విశాఖలో చర్మ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. క్రీము ఎలా మానాలో ఆయన చెప్పారు. మానిన మొదటి వారాలు ముఖం ఇంకా మండింది, అద్దం తీసి దాచేశారు. పెళ్ళి వాయిదా పడింది. అబ్బాయివారింటికి మేమే వెళ్ళి, ఆ రోజు మేమన్న మాట తప్పని చెప్పాము. ఆ అబ్బాయి మాత్రం "నేను ఆ మాట వినలేదండీ, పిల్లనే చూశాను" అన్నాడు.

గడువు దాటింది కనుక ప్రకటన మొదటినుండి చదవాలి. మొన్న ఆదివారం రెండవసారి చదివాము. ఆమె ముందు వరుసలో కూర్చుంది. బుగ్గమీద మచ్చలు ఇంకా పూర్తిగా పోలేదు. కొంగు భుజం మీదే ఉంది.