పటాలం మాట

1857 మే నెలలో మీరట్ నుంచి ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలను అక్కడి ఉర్దూ పత్రికలు ఓ వింత పేరుతో పిలిచాయి... ‘తిలంగే’ అని. అంటే తెలంగులు! నిజానికి వాళ్లలో ఎక్కువమంది అవధ్, బిహార్ పల్లెల వాళ్లు. తెలుగు ముక్క వచ్చినవాడు మచ్చుకైనా ఉన్నాడో లేడో. మరి మన పేరు వాళ్లకెలా అంటుకుంది?

జవాబు వందేళ్లు వెనక, బెంగాల్లో ఉంది. 1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నాడు. దాన్ని మళ్లీ దక్కించుకోవడానికి రాబర్ట్ క్లైవ్ మద్రాసు నుంచి ఓడల్లో బయల్దేరాడు. వెంట సుమారు 900 మంది తెల్లవాళ్లు, 1,500 మంది దేశీ సిపాయిలు. మన దేశపు మనుషులే తెల్లవాళ్ల పద్ధతిలో వరసకట్టి, ఒకే అడుగు వేస్తూ కవాతు చేయడం బెంగాల్ జనానికి కొత్త. ఈ మనుషులు తెలంగ దేశం నుంచి వచ్చారట అనుకున్నారు, తిలంగాలన్నారు. మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్లే కాదు, తమిళులూ ఉండేవారు. అయితేనేం, నిన్నమొన్నటి దాకా ఉత్తరాదికి మనమందరం మద్రాసీలం కాలేదూ? అప్పట్లో అందరూ తెలంగులయ్యారు, అంతే.

1757లో క్లైవ్ బెంగాల్లోనే జనాన్ని చేర్చుకుని ‘లాల్ పల్టన్’ కట్టాడు. మనుషులు మారారు, పేరు మాత్రం పోలేదు. అవధ్ నవాబు తన కవాతు దళాలనూ తిలంగాలనే అన్నాడు. వందేళ్లు తిరిగేసరికి యూనిఫాం వేసుకుని తుపాకీ పట్టిన ప్రతివాడూ ఉత్తరాదిన తిలంగాయే. మనం ‘పటాలం’ అంటున్నది కూడా ఇలాంటి సరుకే. ‘బెటాలియన్’కు నోరు తిరగక అక్కడ పల్టన్ అయింది, ఇక్కడ పటాలమైంది.

సైన్యంలో మాటలను ఎవరూ కూర్చుని తయారుచేయరు. ఒకరి భాష ఒకరికి రాని మనుషులు ఒకే గుడారంలో పడుకుని, ఒకే వంటశాలలో తిని, నెలల తరబడి ఏ పనీ లేకుండా కాలక్షేపం చేస్తుంటే అవే పుడతాయి. యుద్ధభూమిలో పుట్టిన మాటల గురించే అందరూ చెబుతారు కానీ, నన్నడిగితే తుపాకులు మోగినప్పటి కంటే ఊరకే కూర్చున్నప్పుడే సిపాయి నోరు ఎక్కువ పనిచేసింది. సాక్ష్యం కావాలంటే నాసిక్ వెళ్లాలి.

ఓడ రాని ఊరు

నాసిక్ పక్కన దేవలాలి అనే కంటోన్మెంట్ ఉంది. ఆంగ్లేయుల కాలంలో, ఇండియాలో కొలువు గడువు తీరిన తెల్ల సిపాయిలను ఇంటికి పంపేముందు ఇక్కడి శిబిరంలో ఉంచేవారు. బొంబాయిలో ఓడ ఎక్కించాలి. చిక్కేమిటంటే, సైనికుల ఓడలు చలికాలంలోనే, ఇంచుమించు నవంబరు నుంచి మార్చి దాకానే నడిచేవి. చివరి ఓడ వెళ్లిపోయాక గడువు తీరినవాడి గతి ఏమిటి? ఎండాకాలం, ఆపైన వానాకాలం, మొత్తం అక్కడే. చేయడానికి పనంటూ లేదు. మిగిలింది సారా, జూదం, సుఖరోగాలు, దోమలు, మలేరియా. ఏళ్ల తరబడి ఒక్క మాట పడకుండా కొలువు చేసినవాడు కూడా అక్కడ తిక్కతిక్కగా తయారయ్యేవాడు. అలాంటివాణ్ని చూసి తోటివాళ్లు ‘వీడికి డూలాలీ ట్యాప్ తగిలిందిరా’ అనేవారు. డూలాలీ అంటే దేవలాలే. ట్యాప్ అంటే జ్వరం... హిందుస్తానీ ‘తాప్’, మన తాపానికి చుట్టం. ఫ్రాంక్ రిచర్డ్స్ అనే మాజీ సిపాయి 1936లో అచ్చయిన ‘ఓల్డ్ సోల్జర్ సాహిబ్’ పుస్తకంలో ఈ శిబిరం ముచ్చట్లు రాశాడు. ఇంగ్లండులో ఇప్పటికీ మతి చెడినవాణ్ని ‘డూలాలీ’ అంటారు. అదొక ఊరని తెలిసి అనేవాళ్లు తక్కువే. ఆ ఊళ్లో ఇప్పుడు మన సైన్యం శతఘ్ని దళాలకు శిక్షణ ఇస్తోంది.

తెల్ల సిపాయి మూటగట్టుకుపోయిన మాటలు ఇంకా ఉన్నాయి. ఖుషీ ‘కుషీ’ అయి సుఖమైన ఉద్యోగానికి పేరైంది. దేఖో ‘డెక్కో’ అయింది, చీటీ ‘చిట్’ అయింది, పిక్కలకు చుట్టుకునే పట్టీ ‘పటీ’గా మారింది. పెషావర్లో 1846లో హ్యారీ లమ్స్‌డెన్ నిలబెట్టిన గైడ్స్ దళం వేసుకున్న మట్టిరంగు బట్ట ఖాకీ అయింది. ఖాక్ అంటే మట్టే మరి. మన దగ్గర ఆ మాట సైన్యాన్ని వదిలేసి పోలీసుల మీద వాలింది.

వీటన్నిటిలో నాకు ఎక్కువగా నచ్చేది ‘బ్లైటీ’. విలాయతీ అన్న మాట బిలాయతీ అయి, అదీ అరిగి బ్లైటీగా మిగిలింది. సీమచింత, సీమపందిలో మనం ‘సీమ’ అన్నట్టే అనుకోండి. ఇక్కడివాళ్లు పరాయి దేశాన్ని చెప్పడానికి వాడిన ముక్కనే తెల్లవాడు తన ఇంటికి పేరుగా పెట్టుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ కందకాల్లో నీళ్లలో నానుతున్న సిపాయి ‘బ్లైటీ గాయం’ తగలాలని కోరుకునేవాడు. ప్రాణం తీయకూడదు, అవిటివాణ్ని చేయకూడదు, కానీ డాక్టరు ఓడ ఎక్కించక తప్పకూడదు. అలాంటిది తగిలినవాణ్ని చూసి పక్కవాడు అసూయపడేవాడు.

ఎదురు దిశలోనూ సరుకు నడిచింది. రాత్రి కాపలావాడు ‘హూ కమ్స్ దేర్?’ అని కేకేయాలని నిబంధన. ఇంగ్లీషు రాని సిపాయి నోట అది ‘హుకుందార్!’ అయింది. అందులో హుకుం ఉంది, దర్పం ఉంది, చీకట్లో వచ్చేవాడు ఆగకుండా ఉంటాడా?

అబద్ధం నుంచి పుట్టిన మాట కూడా ఒకటుంది. 1915లో ఆంగ్లేయులు ఇనుప కవచం తొడిగిన బండిని రహస్యంగా తయారుచేస్తున్నారు. లింకన్ పట్టణంలోని ఫ్యాక్టరీ కార్మికులకు, అవి మెసపటోమియా ఎడారికి నీళ్లు మోసే బండ్లని చెప్పారు. అందుకే ‘ట్యాంకు’. 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో అది బయటికొచ్చి, గుట్టు రట్టయ్యాక కూడా పేరు మార్చలేదు. మేడ మీద నీళ్లదీ, సరిహద్దులో నిప్పులు కక్కేదీ... రెండూ ట్యాంకులే.

అమెరికన్లది వేరే దారి, వాళ్లకు పొడి అక్షరాలే ముద్దు. రెండో ప్రపంచయుద్ధం నాటి ‘స్నాఫూ’కు మన భాషలో ‘అంతా మామూలే, అంతా సర్వనాశనం’ అని అర్థం. అందులోని ఎఫ్ అక్షరం దేనికి నిలుస్తుందో ఆదివారం పుస్తకంలో రాయలేం.

ఇప్పటి మన ఫౌజీల మాటల్లో వంటిల్లు ‘లంగర్’. ఆయుధాల గది ‘కోత్’. వీపు సంచి ‘పిట్టూ’. పండగనాడు అధికారులూ జవాన్లూ కలిసి తినేది ‘బడాఖానా’. ఖడక్‌వాస్లా అకాడమీలో కుర్రాళ్లను మట్టిలో దొర్లించే శిక్ష ‘రగడా’. మద్రాస్ రెజిమెంట్లో చేరినవాడు తెలుగువాడైనా మలయాళీ అయినా మిగతా సైన్యానికి ‘తంబీ’యే. వైర్‌లెస్‌లో కమాండర్ పేరెత్తరు, ‘సన్‌రే’ అంటారు.

సైన్యం మన ఊళ్లకు ఇచ్చిన పేర్లూ తక్కువేం కాదు. సికింద్రాబాద్ పాతబడ్డ నోళ్లకు ఇంకా ‘లష్కరే’ (అంటే దండు), అక్కడి ఉజ్జయినీ మహంకాళి జాతర లష్కర్ బోనాలే. ఇక రాయలసీమ నుంచి బెంగళూరు దాకా ‘మిలిటరీ హోటల్’ అన్న బోర్డు కనిపిస్తే తుపాకులేమీ వెతకక్కర్లేదు. తలకాయ కూర, బోటీ, నాటుకోడి పులుసు ఉంటాయి. లోపలికెళ్లి పప్పన్నం అడిగితే మాత్రం సర్వరు మనవంక తేడాగా చూస్తాడు.