చదరంగపు గళ్లలోని సంఖ్య

చదరంగపు బల్లపై 64 గళ్లుండును. మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపు చేయుచు పోయిన మొత్తమెంత యగును? పది గళ్లు నిండునప్పటికి గుప్పెడు బియ్యమే, 1,023 గింజలు. ఇరువదియొకటవ గడిలో మాత్రము పదిలక్షలు దాటును. అటుపిమ్మట లెక్క యూహకు లొంగదు.

అరువదినాలుగు సంఖ్యలను కూడవలసిన పనిలేదు. ఏ గడివరకు కూడినను, మొత్తము ఆపై గడిలోని సంఖ్యకంటె ఒకటి తక్కువ. కావున 2ను ఆరుమారులు వరుసగా వర్గము చేసి, ఒకటి తీసివేసిన చాలును. వచ్చునది 1,84,46,74,40,73,70,95,51,615.

గ్రాముకు 40 గింజలనుకొన్నచో ఇది 46 వేల కోట్ల టన్నుల బియ్యము. మాచర్లకు చేరువనున్న నాగార్జునసాగరమునకు తొలుత నిర్ణయించిన నిలువ 40,800 కోట్ల ఘనపుటడుగులు. అట్టి జలాశయములు ఇంచుమించు ఏబది యున్నగాని ఈ బియ్యము పట్టదు. 1967లో సాగరు కాలువలకు నీరు వదలుటకు పూర్వము పల్నాటి ప్రజల ముఖ్యాహారము జొన్నలే. శ్రీనాథుడు ఆ జొన్నకూటిపై చాటువులు చెప్పెనని ప్రతీతి. జొన్నలతో లెక్కించినను సంఖ్య మారదు, గాదెలే పెరుగును!

ఈ సంఖ్యను తెలుగు పద్యమున బంధించినవాడు పావులూరి మల్లన. అతడు 11వ శతాబ్దివాడని పలువురి మతము. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును అతడు తెనిగించెను. పద్యములో అంకెలు లేవు, వానికి మారుగా మాటలున్నవి. చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, శరములనిన ఐదు, గిరులనిన ఏడు, గగనమనిన సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు పేర్చుకొనుచు పోయిన ఇరువది అంకెలును వచ్చును.

తాటాకులపై నకళ్లు వ్రాయు కాలమున ఇది మంచి రక్ష. అక్షరము జారిన ఛందస్సు చెడి, తప్పు బయటపడును. కాని 'గిరి'కి మారుగా 'శశి' యని వ్రాసినచో? రెండును రెండేసి లఘువులే. చెవికి తప్పు తోచదు, ఏడు మాత్రము ఒకటియై కూర్చుండును. అప్పుడు గణితమే దిక్కు. రెట్టింపు సంఖ్యలను 9చే భాగించిన శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకసారి తిరిగివచ్చును. ఆ వరుసలో అరువదినాలుగవది 7. ఒకటి తీసివేయగా 6. మల్లన సంఖ్యలోని అంకెల మొత్తము 87. దానిని 9చే భాగించిన శేషము సరిగా 6. లేఖకుని తప్పుతో మొత్తము 81 అగును, శేషముండదు, తప్పు పట్టుబడును. సున్నకు మారుగా తొమ్మిది పడినచో మాత్రము ఈ పరీక్ష పనికిరాదు.

ఒక సంఖ్యావర్గమునుండి ఒకటి తీసివేసిన అది రెండు భాగములుగా విడిపోవునని పిల్లలెరుగుదురు. ఆ సూత్రమును మరల మరల ప్రయోగించిన ఈ సంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297ల లబ్ధమని తేలును. కడపటి సంఖ్యకు భాగములు లేవని 17వ శతాబ్దమున ఫెర్మా తలంచెను. 1732లో ఆయిలరు దానిని 641, 67,00,417ల లబ్ధముగా విడదీసి చూపెను.