ఇనుము నుండి ఓడ వఱకు

విశాఖపట్టణమునందలి పాత పట్టణమును వన్ టౌన్ అని పిలుతురు. అచ్చట రేవు ముఖద్వారము చెంత మూడు చిన్న కొండలు వరుసగా నున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరాలయము, ఒకదానిపై దర్గా, ఒకదానిపై చర్చి కలవు. ఆ కొండలెక్కి చూచువారికి ఎదుట డాల్ఫిన్స్ నోస్ కొండయు, రేవులోనికి వచ్చిపోవు ఓడలును కనబడును. ఆ రేవు 1933లో ప్రారంభమైనది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ అచ్చట సింధియా నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. అందు నిర్మింపబడిన ‘జల ఉష’ యను ఓడను 1948 మార్చి 14న ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించిరి. ఆ శాలయే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు.

ఓడ ఒక్కని చేతిపని కాదు. దాని వేలకొలది భాగములను వేర్వేరు మనుష్యులు వేర్వేరు చోట్ల చేయుదురు. ఒకడు చెప్పిన మాటను వేఱొకడు మఱియొక విధముగా గ్రహించినచో, ఆ తప్పు నడిసముద్రమున బయటపడును. కావున యంత్రవిద్య నభ్యసించువారు మొదట నేర్వవలసినది మాటల యర్థము.

ముందుగా లోహమును గూర్చి తెలిసికొనవలెను. ఇనుపరాయిని, కోక్ బొగ్గును, సున్నపురాయిని ఎత్తైన కొలిమిలో వేసి వేడిగాలి నూదుదురు. దీనిని బ్లాస్ట్ ఫర్నేస్ అందురు. తెలుగువారు 1966లో ఆందోళన చేసి సాధించుకొన్న విశాఖ ఉక్కు కర్మాగారమున ఇట్టి కొలుములు మూడు కలవు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని వాని పేర్లు. ఆ కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను. 1992లో అది జాతికి అంకితమయ్యెను. కొలిమినుండి దిగిన ఇనుమునందు నూటికి సుమారు నాలుగు పాళ్లు కర్బనముండును. అందుచే నది పెళుసు. ద్రవరూపమున నున్న ఆ ఇనుములోనికి ఆక్సిజన్ నూది కర్బనమును తగ్గించినచో ఉక్కగును.

లోహమునకు రూపమిచ్చు పద్ధతులు ముఖ్యముగా నాలుగు. కరిగిన లోహమును ఇసుక మూసలో పోయుట ‘పోత’. ఎఱ్ఱగా కాల్చి సుత్తితో మోది సాగగొట్టుట ‘ఫోర్జింగు’. కమ్మరి కొలిమిలో జరుగునది ఇదియే. చపాతీని కఱ్ఱతో ఒత్తినట్లు, కాలిన ఉక్కును దిమ్మల నడుమ నడిపి రేకుగా చేయుట ‘రోలింగు’. తిరుగుచున్న లోహమును పదునైన ఉలితో చెక్కుట ‘టర్నింగు’; ఆ యంత్రము లేత్. ఏటికొప్పాక బొమ్మలను చేయువారు కఱ్ఱను తరిమెన పట్టుటయు ఇట్టిదే.

లోహగుణములను దెలుపు మాటలను మఱింత జాగ్రత్తగా గ్రహింపవలెను. బలము వేఱు, కాఠిన్యము వేఱు. గీత పడకుండుట కాఠిన్యము. బరువును మోయుట బలము. దెబ్బకు పగులక ఓర్చుకొనుట దార్ఢ్యము. ఈ మూడవదానిని ఉపేక్షించినందున ఎంత కీడు కలిగెనో రెండవ ప్రపంచ యుద్ధము చాటినది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో స్కెనెక్టడీ అను క్రొత్త ఓడ, తుపాను గాని తాకిడి గాని లేకయే, కట్టివేసియుండగనే నడిమికి విరిగెను. చలిలో ఆ ఉక్కు పెళుసుబారెను, అతుకుపనియందును లోపములుండెను. ఓడ యంతయు వెల్డింగుతో ఏకఖండముగా అతుకబడుటచే పగులు ఆగక సాగిపోయెను. విడివిడి రేకులను రివెట్లతో బిగించినచో, పగులు ఒక రేకు అంచున ఆగుటకు వీలుండెడిది.

కొలతలకు సంబంధించిన ముఖ్యమైన మాట ‘టాలరెన్స్’. ఎంత నేర్పరియైనను కొలతకు సరిగ్గా చేయజాలడు. అందుచే 50 మిల్లీమీటర్ల ఇరుసునకు 49.98 మొదలు 50.02 వఱకు ఉండవచ్చునని పటముపై ముందే వ్రాయుదురు. ఈ అనుమతింపబడిన తేడాయే టాలరెన్స్. ఎండయు కొలతను మార్చును. 10 మీటర్ల ఉక్కురేకు 20 డిగ్రీల వేడి పెరిగినచో 2 మిల్లీమీటర్లకు పైగా సాగును. ఉదయము కొలిచి, మధ్యాహ్నము అతికినచో రేకులు సరిగా కలియవు.

వన్ టౌన్ కొండలమీదినుండి చూచువారికి ఓడ ఒకే వస్తువుగా కనబడును. దానిలోని ప్రతి అతుకు వెనుకను, ఒకరు చెప్పగా మఱియొకరు సరిగా గ్రహించిన మాట యొకటి కలదు.